వినిపించే యంత్రం, వినే గురువు: ప్రాథమిక తరగతిలో సంగీత బోధన – ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

2020లో బడులు మూతపడి పాఠాలు తెరల మీదికి చేరినప్పుడు సంగీతం నేర్పేవారికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురైంది. భాష, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఏదో ఒక రీతిన సాగాయి గాని పిల్లలంతా కలిసి పాడటం మాత్రం సాధ్యపడలేదు. అంతర్జాలంలో శబ్దం ఒక చోటి నుంచి మరొక చోటికి చేరడానికి పట్టే వ్యవధి సెకనులో స్వల్పభాగమే అయినా, తాళానికి అది పెద్ద ఎడం. ఒకరు సమం మీద ఉంటే మరొకరి గొంతు ఆ సమం దాటిన తరువాత వినబడుతుంది. అందువల్ల పిల్లలందరినీ మైకులు మూసుకొమ్మని, తాము పాడుతుంటే ఇంట్లోనే గొంతు కలపమని ఉపాధ్యాయులు చెప్పవలసి వచ్చింది. పిల్లలు పాడారు. ఆ పాట ఉపాధ్యాయునికి వినబడలేదు.

అది ఆపత్కాలపు ఏర్పాటు. అందులో ఎవరినీ తప్పుపట్టవలసింది లేదు. అయితే బడులు తెరిచిన తరువాత కూడా అటువంటి స్థితే వేరొక రూపంలో ఏర్పడే అవకాశం ఉంది. తెర మీద బొమ్మలు ఆడుతుంటాయి, స్పీకరులోంచి వాద్యసహకారంతో పాట వస్తుంటుంది, నలభై మంది పిల్లలు దానితోపాటు పాడుతుంటారు. స్పీకరు గొంతు పెద్దది కనుక ఏ ఒక్క పిల్ల గొంతూ విడిగా తెలియదు. ఉపాధ్యాయుడు ఆ వ్యవధిలో హాజరుపట్టీ పూర్తిచేసుకోవచ్చు. ఇక్కడ మైకులు మూయలేదు. అయినా పాడిన పాటను విన్నవారు లేరు.

సంగీత బోధనలో యంత్రాల వినియోగాన్ని గురించిన చర్చ సాధారణంగా ప్రయోజనం, వ్యయం, నాణ్యత అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది. ఈ వ్యాసం వాటికి ముందుగా తేల్చుకోవలసిన నైతిక ప్రశ్నను పరిశీలిస్తుంది: పాట నేర్చుకునే పసివానికి బడి ఏమి ఋణపడి ఉంది? ఆ ఋణంలో యంత్రం తీర్చగలిగినదెంత, మనిషే తీర్చవలసినదెంత?

పాత వివాదం, వేరైన ప్రశ్న

బోధనలో సాధనం మీద అనుమానం ఈనాటిది కాదు. పాణినీయశిక్ష అధమపాఠకులను ఆరు విధాలుగా చెబుతూ, వారిలో లిఖితపాఠకుణ్ణి, అంటే రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి కూడా చేర్చింది. గురుముఖతః నేర్చినదే విద్య అని నమ్మిన కాలానికి లిపి కూడా అనుమానించదగిన సాధనమే. ఆ లిపి ఆధారంగానే నేడు మన శాఖలూ, గ్రంథాలయాలూ, పరిశోధనలూ నిలిచి ఉన్నాయి. ఒక కాలపు యంత్రం మరొక కాలానికి సంప్రదాయమవుతుంది.

సంగీతానికి సంబంధించి తెలుగు లిపిలోనే దీనికి గొప్ప నిదర్శనం ఉంది. 1904లో ఎట్టయపురం నుంచి వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకాలకు ప్రత్యేక సంకేతాలు కల్పించి, అంతవరకు ప్రధానంగా కంఠం నుంచి కంఠానికి సాగిన ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరలిపితో అచ్చులోకి తెచ్చింది. కుటుంబ పరంపరలో కాపాడుకొన్న విద్యను ముద్రణకు ఇవ్వడమంటే దాన్ని ఎవరు నేర్చుకుంటారో నిర్ణయించే అధికారాన్ని వదులుకోవడమే. ముద్రణయంత్రం ఆనాడు ఒక నైతిక కార్యానికి సాధనమయింది.

తరువాతి యంత్రాలు కూడా వివాదాలు రేపాయి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు గ్రామఫోను పలకలోకి ఎక్కినప్పుడు, విస్తారమైన రాగాలాపన కొద్ది నిమిషాల చట్రంలో ఇమడవలసి వచ్చింది. స్వరస్థానాలు స్థిరంగా ఉండి గమకానికి లొంగని హార్మోనియం మన సంగీతాన్ని చెడగొడుతుందన్న వాదంతో ఆకాశవాణి దాన్ని 1940లో నిషేధించింది. మూడు దశాబ్దాల తరువాత గాని ఆ నిషేధం సడలలేదు. ఈ వివాదాలన్నింటిలోనూ అడిగిన ప్రశ్న ఒకటే: యంత్రం సంగీతానికి హాని చేస్తుందా? వాల్టర్ బెంజమిన్ యాంత్రిక పునరుత్పత్తి గురించి చేసిన ప్రసిద్ధ చర్చ కూడా కళాకృతి ఏం కోల్పోతుందన్న విచారమే.

ప్రాథమిక తరగతిలో ఈ ప్రశ్న మారుతుంది. అక్కడ పరిరక్షించవలసిన కళాకృతి ఏదీ లేదు. ఆరేళ్ల పిల్ల పాడే పాటలో అపస్వరం వల్ల సంగీతానికి వచ్చే నష్టం లేదు. అక్కడ అడగవలసినది, యంత్రం వల్ల శిష్యునికి అన్యాయం జరుగుతుందా అని. మొదటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానం చెప్పగలరు. రెండవదానికి బడి నడిపే సమాజం సమాధానం చెప్పాలి.

గురుముఖం అందరికీ తెరిచి ఉండిందా?

యంత్రాన్ని విమర్శించేవారు గురుశిష్య సంబంధాన్ని ఆదర్శంగా చూపడం పరిపాటి. ఆ ఆదర్శాన్ని అంగీకరించే ముందు దాని గడప దగ్గర ఎందరు ఆగిపోయారో లెక్కించుకోవాలి. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అనే క్రమాన్ని పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. ఆ క్రమం ఎంత సులభమైనదైనా, దాన్ని నేర్పే ఇంటి ముంగిట కూర్చొనే అర్హత కులాన్నిబట్టి, స్త్రీపురుష భేదాన్నిబట్టి, సంపదనుబట్టి నిర్ణయమయింది. తరతరాలుగా సంగీతమే జీవికగా ఉన్న కళావంతుల కుటుంబాల స్త్రీలు కూడా గౌరవనీయులైన గురువులుగా గుర్తింపు పొందడానికి పోరాడవలసి వచ్చింది.

ఈ గడపను దాటించినది చాలావరకు యంత్రమే. ఎవరి ఇంట్లోంచి వినబడుతున్నదీ పట్టించుకోకుండా రేడియో అందరికీ పాడింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల కార్యక్రమాలు నిర్వహించిన కాలంలో, సంగీతపు మేష్టారును పెట్టుకొనే స్తోమత లేని ఇళ్ల పిల్లలకు కూడా పాట అందింది. అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపులే ఆ యంత్రం వెనక మనుషులున్నారని గుర్తుచేశాయి. అంతేకాక ఆ కార్యక్రమాల్లో పిల్లలు వినడమే కాదు, పాడారు కూడా.

కనుక యంత్రం వద్దు, గురువే ముద్దు అనే వాదం న్యాయమైనది కాదు. దాని వెనక గురువు దొరికినవారి నిశ్చింత ఉంది. ఏ గురువూ రాని ఊరి బడిలో మంచి ధ్వనిముద్రణ ఒక దాతృత్వం కాదు, ఆ పిల్లలకు చెల్లవలసిన బాకీ. పాట వినే హక్కును యంత్రం విస్తరించింది. ఈ వ్యాసం ఆ మేలును అంగీకరించిన తరువాతనే ముందుకు సాగుతుంది.

చట్టంలోని ఖాళీ

ఈ ప్రశ్న మన బడుల్లో ఎందుకు తీవ్రమైనదో తెలియాలంటే బోధకుల ఏర్పాటును చూడాలి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కళావిద్యను పదవ తరగతి వరకు అందరికీ తప్పనిసరి విషయంగా ఉంచాలని సూచించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమేమో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులను ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు, అదీ నూరుమందికి మించి పిల్లలున్న చోట మాత్రమే పేర్కొంది. ఒకటి నుంచి అయిదు వరకు ఉపాధ్యాయుల సంఖ్యను పిల్లల సంఖ్యనుబట్టే లెక్కించింది. అరవై మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు. అయిదు తరగతులకూ అన్ని విషయాలూ వారే చెప్పాలి.

కాగితం మీద సంగీతం ఉంది, గదిలో సంగీతం చెప్పేవారు లేరు. ఈ ఖాళీలోకి యంత్రం వచ్చింది. 2017లో మొదలైన దీక్షా వేదిక, పాఠ్యపుస్తకాల మీది క్యూఆర్ కోడ్‌లు, తరగతి గదుల్లోని తెరలు ఇవన్నీ పాటను గదిలోకి తేగలవు. అయితే ఒక సాధనం బోధనకు తోడుగా రావడానికీ, బోధకుడు లేని లోటును కప్పిపెట్టడానికీ భేదం ఉంది. మొదటిది బడి సామర్థ్యాన్ని పెంచుతుంది. రెండవది బడి బాధ్యతను మరుగుపరుస్తుంది. తెర వెలిగితే సంగీత పాఠం జరిగినట్లు నమోదవుతుంది. ఎవరు ఏమి పాడారన్నది ఆ నమోదులో ఉండదు.

తన షడ్జం

కర్ణాటక సంగీతంలో షడ్జానికి నియతమైన ధ్వనిస్థానం లేదు. పాడేవారి కంఠాన్నిబట్టి ఒకటి శ్రుతి, అయిదు శ్రుతి, అయిదున్నర శ్రుతి అని ఆధారాన్ని నిర్ణయించుకుంటారు. మిగిలిన స్వరాలన్నీ ఆ ఆధారం మీదనే నిలుస్తాయి. ఇది సంగీతశాస్త్ర విషయమే అయినా దీనిలో ఒక నైతిక సత్యం ఇమిడి ఉంది. ఒకరికి పాట నేర్పడమంటే మొదట వారి షడ్జం ఎక్కడ ఉన్నదో వినడం. గురువు తన నోరు తెరవడానికి ముందు చేయవలసిన పని ఇది.

ముద్రితమైన పాటకు తన షడ్జం తనకు ముందే నిర్ణయమై ఉంటుంది. శిక్షణ పొందిన వయోజన గాయని పాడిన శ్రుతిలో, ఆమె ఊపిరికి తగిన కాలప్రమాణంలో, ఆరేళ్ల పిల్ల పాడవలసి వస్తుంది. పసి గొంతు సహజంగా సంచరించగల మేర చిన్నది. పై స్థాయి అందని పిల్ల అరుస్తుంది, లేదా పెదవులు మాత్రం కదుపుతుంది. గురువు ఉంటే శ్రుతి తగ్గిస్తాడు. యంత్రం ఉన్న చోట తగ్గేది పిల్ల. తనకు అందనిది ఆ పాట శ్రుతి మాత్రమేనని ఆమెకు ఎవరూ చెప్పరు. నాకు పాట రాదు అని ఆమె తనకు తానే తీర్పు చెప్పుకుంటుంది.

ఈ తీర్పుకు దీర్ఘాయువు ఉంది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను పాట నేర్పమంటే చాలామంది చెప్పే మాట ఇదే: నాకు పాట రాదండీ. ఇది అలసత్వం అనుకోవడం పొరపాటు. వారు కూడా ఒకప్పుడు తమ పాటను ఎవరూ వినని తరగతిలో కూర్చున్న పిల్లలే కావచ్చు. వినబడని పిల్ల పాడలేని ఉపాధ్యాయురాలవుతుంది, పాడలేని ఉపాధ్యాయురాలు మీట నొక్కుతుంది, ఆ మీట వెనక మరొక పిల్ల వినబడకుండా పోతుంది. ఈ వలయాన్ని ఎక్కడో ఒక చోట తెంచాలి.

శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గాయకులను అయిదు విధాలుగా విభజించాడు: శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు. వీరిలో ఇతరుల గానరీతిని అనుసరించేవాడు అనుకారుడు, లోపం లేకుండా నేర్పగలవాడు శిక్షాకారుడు. ముద్రితమైన పాట ఎంత శ్రేష్ఠమైనదైనా అనుకారులను మాత్రమే తయారుచేయగలదు. ఎందుకంటే అనుకరణకు వినిపించడం సరిపోతుంది. శిక్షకు తిరిగి వినడం అవసరం. ప్లేటో ఫీడ్రస్ సంభాషణలో సోక్రటీసు లిఖితవాక్యం మీద చేసిన ఫిర్యాదు ఇటువంటిదే. రాతను ఏమడిగినా అది మొదట చెప్పినదే మళ్లీ చెబుతుందన్నది ఆయన అభియోగం. పాటను మళ్లీ మళ్లీ వినిపించడంలో యంత్రానికి విసుగు లేదు. కాని ఎన్నిసార్లు పాడినా అది మొదటిసారి పాడినట్లే పాడుతుంది. మధ్యలో పిల్లకు ఏం జరిగిందో దానికి తెలియదు.

యంత్రం కూడా వింటే?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపం ఉంది. నేటి యంత్రాలు వినిపించడమే కాదు, వింటున్నాయి కూడా. గొంతు ప్రకంపన సంఖ్యను కొలిచి, స్వరం సరిగా నిలిచిందో లేదో చెప్పే అప్లికేషన్లు ఫోనులోనే లభిస్తున్నాయి. పిల్ల శ్రుతిని కనిపెట్టి పాటను ఆ శ్రుతికి మార్చడం కూడా సాంకేతికంగా కష్టం కాదు. అటువంటప్పుడు వినడం మనిషి గుత్తసొత్తు ఎలా అవుతుంది?

గమకాన్ని ఉదాహరణగా చూపి దీనికి జవాబు చెప్పవచ్చు. తోడి రాగంలో గాంధారం ఒక బిందువు మీద నిలిచేది కాదు, రిషభ మధ్యమాల మధ్య ఊగే కదలిక. స్వరాన్ని స్థిరబిందువుగా కొలిచే యంత్రం సరైన గాంధారాన్ని తప్పుగా లెక్కకడుతుంది. అయితే ఇది సాంకేతికమైన కొరత. రేపు తీరిపోవచ్చు. యంత్రపు నేటి అసమర్థత మీద కట్టిన నైతికవాదం ఆ అసమర్థతతోపాటే కూలిపోతుంది.

అసలు జవాబు వేరొక చోట ఉంది. కొలవడానికీ వినడానికీ మధ్య భేదం సూక్ష్మతలో లేదు, జవాబుదారీలో ఉంది. ఒక పిల్ల గొంతు మొన్నటికంటే తగ్గింది. యంత్రం ఆ తగ్గుదలను ఖచ్చితంగా నమోదు చేస్తుంది. ఉపాధ్యాయురాలు దాన్ని విన్నప్పుడు జలుబు చేసిందా, పొద్దున ఏమైనా తిన్నదా, నిన్న ఎవరైనా నవ్వారా అని ఆమె మనసులో ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు పుట్టిన క్షణం నుంచి ఏదో ఒకటి చేయవలసిన బాధ్యత ఆమె మీద పడుతుంది. పట్టించుకోకపోతే తప్పు ఆమెది. యంత్రం తప్పు లెక్కకడుతుంది గాని, తప్పు చేయలేదు. తప్పు చేయగలవారి వద్దనే మనం న్యాయం ఆశించగలం.

పిల్ల పక్షాన కూడా ఇంతే. ఆమె పాడేది అంకె కోసం కాదు. తన గొంతు మరొకరిలో ఏదో కదిలించిందని ఎదుటి ముఖంలో చూసుకోవడం కోసం. అటువంటి శ్రోత ఉన్నప్పుడే పాట సంభాషణ అవుతుంది. నూటికి ఇంత అని తెర మీద చూపే అంకె ఆ ముఖానికి ప్రత్యామ్నాయం కాదు. ఆరేళ్ల ప్రాయంలో పొందిన అంకె తీర్పుగా నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఖాళీ వదిలే యంత్రం

పై విచారణ నుంచి ఒక ఆచరణసూత్రం లభిస్తుంది. ఉపాధ్యాయుని చెవికి చోటిచ్చే యంత్రం న్యాయమైనది, ఆ చెవి లేకున్నా ఫరవాలేదనిపించేది అన్యాయమైనది. ఎలక్ట్రానిక్ తంబురా మొదటి కోవకు చెందుతుంది. అది నీ శ్రుతి ఏది అని అడిగి గాని మోగదు. ఆధారం మాత్రం ఇచ్చి పాటను పాడేవారికి వదిలేస్తుంది. పరిపూర్ణమైన వాద్యగోష్ఠితో నిండిన పాటలో పిల్ల ప్రవేశించడానికి ఖాళీ ఉండదు. అదే పాటను ఒకసారి వినిపించి, ఆపి, శ్రుతి మార్చి, పిల్లలచేత రెండు రెండు పంక్తులుగా పాడిస్తే అదే యంత్రం న్యాయమైన సాధనమవుతుంది. భేదం పరికరంలో కంటే దాన్ని ఆపగల చేతిలో ఉంది.

యంత్రాన్ని తిప్పి పట్టుకోవడం మరొక మార్గం. ఫోను పాడగలిగినట్లే వినగలదు కూడా. పిల్లలు తమ ఇళ్లలో నాయనమ్మ పాడే జోలపాటనో, నాట్ల వేళ అమ్మ పాడే పాటనో ఆమె అనుమతితో ముద్రించి తెచ్చి తరగతిలో వినిపిస్తే, ఏ పాట బడికి తగినదన్న నిర్ణయం దూరాన ఉన్న నిర్మాతల చేతి నుంచి ఆ ఊరికి తిరిగి వస్తుంది. తన ఇంటి ఉచ్చారణ, తన ఇంటి బాణీ బడి గోడల మధ్య గౌరవంగా మోగడం ఒక పిల్లకు ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు. అనుమతి అన్న మాటను ఇక్కడ నొక్కి చెప్పాలి. ఆ పాట దత్తాంశం కాదు, ఒక మనిషి ఇచ్చిన వస్తువు.

ఈ సందర్భంలో మన శాఖలు ఆత్మపరిశీలన చేసుకోవలసి ఉంది. జానపదగేయాల సంపుటాలను మనం చాలావరకు బాణీ లేని పాఠాలుగా అచ్చువేశాం. గేయానికి మాత్రాగణాలు లెక్కించడం నేర్పుతాం గాని విద్యార్థిచేత పాడించి వినడం అరుదు. వినిపించి వినకపోవడం యంత్రం దోషమైతే, చదివి వినకపోవడం మన దోషం. నిజానికి ప్రాథమిక తరగతికి కావలసిన తొలి సంగీతజ్ఞానం తెలుగు అధ్యాపకుని చేతిలోనే ఉంది. మూడు, నాలుగు, అయిదు, ఏడు మాత్రల నడకలు తెలిసినవారికి తిస్ర, చతురస్ర, ఖండ, మిశ్ర గతులు కొత్తవి కావు. నాకు పాట రాదనే ఉపాధ్యాయురాలు కూడా చప్పట్లతో నడక పట్టి, ఒక్కొక్క పిల్ల వంతున వినగలదు. భావి ఉపాధ్యాయులకు భాష నేర్పే మనం, వారిచేత ఒక్కసారైనా పాడించి శ్రద్ధగా విన్నామా అన్నది పై వలయాన్ని తెంచే మొదటి ప్రశ్న.

ముగింపు

ప్రాథమిక తరగతిలో పిల్లకు రెండు హక్కులున్నాయి. పాట వినే హక్కు ఒకటి, తన పాట వినబడే హక్కు మరొకటి. చరిత్రలో మొదటి హక్కును గురువులు ఎందరికో నిరాకరించారు, యంత్రాలు వారికి ఇచ్చాయి. అందుకు యంత్రాలకు కృతజ్ఞులమై ఉండాలి. రెండవ హక్కును యంత్రం నిరాకరించదు, దాన్ని ఇవ్వగల స్థానంలో అది లేదు. యంత్రాన్ని చూపి ఆ హక్కును నిరాకరించేది మనుషులే: బోధకులను నియమించని వ్యవస్థ, వినడం నేర్పని శిక్షణ, తెర వెలిగితే చాలుననుకొనే తనిఖీ.

కాబట్టి ఒక బడిలో సంగీత బోధన ఎలా సాగుతున్నదో తెలుసుకోవాలంటే అక్కడ ఎన్ని తెరలున్నాయో, ఎన్ని పాటలు నిక్షిప్తమై ఉన్నాయో అడగడం చాలదు. ఈ వారం ఏ పిల్ల ఒంటరిగా రెండు పంక్తులు పాడింది, అప్పుడు స్పీకరును ఆపి విన్నవారెవరు అని అడగాలి. పేర్లు చెప్పగలిగితే ఆ బడిలో సంగీతం ఉన్నట్లే.